మీటరును నమ్మి చేసిన ప్రమాణం

నాకు మీసం కంటే కోపం ముందు వచ్చింది. మీసం తెల్లబడింది, కోపం ఇంకా నల్లగానే ఉంది. ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర్లో, రేణిగుంటలో మా మేనమామ లారీకి నేనే డ్రైవరును. చిత్తూరు బెల్లం మద్రాసుకు తోలేవాణ్ణి. ఇరవై మూడేళ్లవాడి చేతికి స్టీరింగొస్తే జిల్లా అంతా తనదే అనిపిస్తుంది. మామ పెట్టిన షరతు ఒక్కటే, మీటరులో ముల్లు యాభై దాటకూడదు. నాకు ముందున్న డ్రైవరు బండిని చంద్రగిరి దగ్గర కాలవలో పల్టీ కొట్టించాడు (తాను మాత్రం చొక్కా నలగకుండా దిగి ఇంటికి పోయాడట). అప్పటినుంచీ మామకు వేగమంటే గుండెదడ. ఆ షరతు నేను ఒక్కనాడూ తప్పలేదు. కోపిష్టినే గానీ మాట మీద నిలబడే మనిషిని. ఇది ముందే చెప్పుకుంటున్నాను, ఎందుకంటే తర్వాత చెబితే మీరు నమ్మరు.

లారీకి పెద్ద టైర్లు వేయించమని మామ ప్రాణం తీసిందీ నేనే. రెండు నెలలు పోరాను, అత్త చేత కూడా చెప్పించాను. చివరికి నా పోరు పడలేక వేయించాడు. బండి పైకి లేచి నిలబడితే నేనే ఎత్తు పెరిగినట్టు మీసం దువ్వుకున్నాను. నెల తిరగకముందే మామ ముఖం మాడిపోయింది. ఒకరోజు పొద్దున్నే, నేను కాఫీ గ్లాసు చేత్తో పట్టుకోగానే అడిగాడు.

“లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే బండి మూడున్నరకు పడిపోయినాది. మిగతా డీజిలు యాడికి పోతాండాది రా?”

“యాడికి పోతాది? నేను తాగినా!”

“తాగేదానికి పనికిరాదులే. అమ్మేదానికి పనికొస్తాది.”

నన్ను! సొంత అక్క కొడుకును! దొంగ అనే మాట ఒక్కటే అనలేదు, మిగతావన్నీ అనేశాడు. ఒళ్లు భగ్గున మండింది. గ్లాసు విసిరికొట్టాను, తాళాలు ఆయన కాళ్ల దగ్గర పారేశాను. “ఇంగ నీ బండి నువ్వే తోలుకో. దొంగనా కొడుకని ఊరంతా దండోరా గూడా వేయించుకో!” అని అరిచాను. మామ కూడా తక్కువ తినలేదు. “అరిస్తే అయిపోతాదా? నిజమే సెప్తాండావు గదా, కాణిపాకం పా. ప్రమాణం సెయ్యి,” అన్నాడు.

మా జిల్లాలో మాట అక్కడికి పోయిందంటే ఇక తిరుగులేదు. కాణిపాకం వినాయకుడి ముందు తడిబట్టలతో నిలబడి అబద్ధమాడితే స్వామి ఊరుకోడని నమ్మకం. కోర్టులో జంకకుండా అబద్ధం చెప్పేవాడు కూడా అక్కడ గుటకలు మింగుతాడు. ప్రమాణం చేస్తే నా పేరు నిలబడుతుంది. చేయకపోతే దొంగ డ్రైవరునై రేణిగుంటలో ఏ లారీ ఎక్కడానికీ పనికిరాను. “పా!” అన్నాను. అదే లారీలో పోయాం. దోవంతా నా కోపం గేర్ల మీదే చూపించాను.

స్నానం చేసి, చొక్కా లేకుండా, పంచె నుంచి నీళ్లు కారుతుండగా స్వామి ఎదురుగా నిలబడ్డాను. “సామీ, ఈ బండి డీజిలు సుక్క గూడా నేను అమ్ముకోలేదు,” అన్నాను. అక్కడ ఆగి ఉంటే ఈ కథే లేదు. కోపం ఆగనిస్తేనా! “అంతేగాదు సామీ, ఈ బండిని ఒక్క దినం గూడా యాబై దాటించలేదు. దాటించింటే నా కాళ్లు పడిపోవల్ల!” అని గుడి అదిరేలా కలిపాను. (ఎవరడిగారండీ నన్ను? మామ అడగలేదు, పూజారి అడగలేదు. వినాయకుడు అసలే అడగలేదు.)

ప్రమాణం అయిపోయింది గనక తిరుగు ప్రయాణంలో నోరు తెరిచాను. “నా పరువు తీసినావు. మా అమ్మకు ఏం సెప్తావు? సామి కాడికి ఈడ్చుకొచ్చినావే, నువ్వొక మామవా?” నా నోరు వినలేక మామ కిటికీవైపు తిరిగి దారిపక్క రాళ్లు చదవడం మొదలుపెట్టాడు. పూతలపట్టు దాటాక ‘తిరుపతి 50’ అని రాయి కనబడితే, ఊసుపోక మీటరులోని అంకె కూడా చూసుకున్నాడు. ‘తిరుపతి 10’ దగ్గర ఉన్నట్టుండి “ఆపు రా!” అన్నాడు. రాళ్ల ప్రకారం నలభై కిలోమీటర్లు వచ్చాం. మీటరు తిరిగింది ముప్పై ఆరే.

నేరుగా తిరుపతిలో బోల్టు మేస్త్రీ షెడ్డుకు పోయాం (ఏ బండి విప్పినా బిగించేటప్పుడు ఒక బోల్టు మిగులుస్తాడు). స్టెప్నీగా మాత్రం పాత చిన్న టైరే ఉంది. మేస్త్రీ దాన్ని దింపించి, సుద్దముక్కతో గుర్తుపెట్టి నేలమీద ఒక్క చుట్టు దొర్లించాడు. లారీని కూడా చక్రం ఒక్క చుట్టు తిరిగేదాకా కదిలించాడు. పెద్ద టైరు అడుగు దూరం ఎక్కువ పోయింది.

“మీటరుకు దూరం తెలీదప్పా, సుట్లే తెలుస్తాది. పెద్ద టైరుకు సుట్లు తక్కువ. బండి నలబై పోతే అది ముప్పై ఆరే అంటాది. గేరుబాక్సు కాడ కేబులు మొదట్లో సిన్న పళ్లచక్రం ఉండాది, దాన్ని మారిస్తే సరిపోతాది. డీజిలు యాడికీ పోలేదు, కిలోమీటర్లే లెక్కకు రాలేదు.”

“ఇన్నావా!” అని నేను గంతేశాను. “ఇప్పుడు సెప్పు, ఎవురు దొంగ? సెప్పు మామా!”

మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ, “దూరం ఒక్కటే గాదు, స్పీడూ తక్కువే సూపిస్తాది. ఇది యాబై అన్నిందంటే బండి యాబై అయిదు పోతాన్నట్టు,” అన్నాడు.

నా గంతు సగంలోనే ఆగిపోయింది. ముల్లును సరిగ్గా యాభై మీద నిలబెట్టి నెల రోజులు తోలిన మొనగాణ్ణి నేను. మామ తాపీగా నావైపు తిరిగాడు.

“అల్లుడా, సామి ముందర కాళ్ల సంగతి ఏందో సెప్పినావే?”

“నాకేం తెలుసు? మీటరు యాబై అనే సెప్పినాది!”

“నాకూ ఆ మీటరే గదరా సెప్పినాది.”

నేను వంగి నా కాళ్లు రెండూ తడిమి చూసుకున్నాను.

మేస్త్రీ ఆ పళ్లచక్రం మార్చాక మర్నాడే మళ్లీ కాణిపాకం. తెలియక చేసిన తప్పుకు నూటొక్క గుంజీళ్లు తీస్తానని నేను మొక్కుకున్నాను. “నేనూ తీస్తా,” అంటూ మామ పక్కన నిలబడ్డాడు. పొట్ట మనిషి, ఏడు గుంజీళ్లకే ఆయాసపడి స్తంభానికి చేరగిలబడ్డాడు. “మిగిలినవి నా లెక్కలో నువ్వే తియ్యి అల్లుడా,” అన్నాడు. తీశాను, పళ్లు కొరుకుతూ తీశాను. మూడు రోజులు మెట్లు దిగలేకపోయాను. ఇంత జరిగినా “తప్పయింది రా” అనే ముక్క ఆ మనిషి నోట రాలేదని ఏళ్ల తరబడి ఊరందరితో చెప్పి తిట్టుకున్నాను. చెవులు పట్టుకుని లేవలేక లేచిన ఆ ఏడు గుంజీళ్లే ఆ ముక్క అని ఆయన పోయాక గానీ నా మట్టిబుర్రకు తట్టలేదు.

ఇప్పుడు కారు తోలుతుంటే వెనకనుంచి మనవళ్లు, “తాతా, ఎడ్లబండి గూడా మనల్ని దాటుకుని పోతాండాది” అని గోల చేస్తారు. కోపంతో ఒక్క తొక్కు తొక్కుతాను. ముల్లు యాభై దగ్గరికి వచ్చేసరికి మోకాళ్లు రెండూ ఒక్కసారిగా సలుపుతాయి. నవ్వొస్తుంది. కాలు దానంతట అదే పైకి లేస్తుంది.