బెల్లం శెట్టి నాలుక

నేను రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, వేసవి బదిలీల్లో పెనుకొండ నుంచి హిందూపురం ప్రభుత్వాసుపత్రికి వచ్చాను. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. పేరుకే సర్జన్, నాకు అప్పగించింది బీపీ, షుగర్ ఓపీ. కత్తి పట్టే పని పడలేదు కానీ గొంతు చించుకునే పని రోజూ పడేది.

బెల్లం మండీ నడిపే నాగరాజు శెట్టి ఒకరోజు తన భార్య లక్ష్మమ్మతో వచ్చాడు. అరవై దాటాయి. బాధ మతిమరుపు. బెల్లం ముక్క నోట్లో వేసుకుని ఇది ఏ ఊరిదో, రొళ్లదో మడకశిరదో చెప్పే మనిషి, పొద్దున మాట్లాడిన రైతునే మధ్యాహ్నం ఏ ఊరని అడుగుతున్నాడట. మండీలో ఆయన మాట మీదే అందరికీ నమ్మకం. అది పోతే పీట మీద కూర్చునే హక్కు కూడా పోతుందని లక్ష్మమ్మ దిగులు.

థైరాయిడ్, బీ12 పరీక్షలు బాగానే వచ్చాయి. గడిచిన మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం హద్దు దాటి ఎంతో పైకి పోయింది. షుగర్ ఏళ్ల తరబడి అలా ఉంటే మెదడులోని సన్నని రక్తనాళాలు దెబ్బతిని జ్ఞాపకం సడలవచ్చు. తీపి తింటారా అని అడిగాను. చక్కెర మా గడపే తొక్కదన్నాడు. మిఠాయి ముట్టడని లక్ష్మమ్మ కూడా ఒట్టేసింది.

అప్పటికే వేసుకుంటున్న షుగర్ మందులు పెంచాను. మూడు నెలల తర్వాత చూస్తే సగటు దిగలేదు. ల్యాబ్ టెక్నీషియన్ మీద విసుక్కుని రక్తం మళ్లీ తీయించాను. అదే అంకె. మందులు వేసుకోవడం లేదేమోనని లక్ష్మమ్మను కసిరాను. ఆమె ఖాళీ మాత్రల అట్టలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అలా ఆరు నెలలు గడిచిపోయాయి.

ఒక ఆదివారం ఇంటికి బెల్లం కొందామని మండీకి వెళ్లాను. శెట్టి పీట మీద కూర్చుని, వచ్చిన ప్రతి లాటులోంచీ ముక్క విరిచి నోట్లో వేసుకుంటున్నాడు. నేను నిలబడినంతసేపట్లోనే పది ముక్కలు మింగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తీపి తిననని చెప్పి ఇదేం పని అని అందరి ముందే అడిగేశాను.

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇది తినేది కాదు మేడమ్, సరుకు చూసేది. నాలిక మీద పెట్టకుంటే యాడిదో, ఎట్లాదో ఎట్ల చెప్పేది?"

నలభై ఏళ్లుగా చేస్తున్న పని అది. ఆయన అబద్ధమాడలేదు. ఇంట్లో ఏం తింటారనే నేను అడిగాను, పనిలో ఏం చేస్తారని ఒక్కసారీ అడగలేదు. కోపం ఎవరి మీద చూపాలో తెలియక బెల్లం కొనకుండానే వచ్చేశాను.

తర్వాతి ఓపీలో ఆ ముక్కలు కూడా షుగర్ పెంచేవేనని విడమరిచి చెప్పాను. అప్పటి నుంచి ఆయన రంగు, వాసన, విరుపు చూసి సరుకు తేల్చడం మొదలుపెట్టాడు. నాలుక పని కొడుక్కి అప్పగించాడు. సగటు దిగింది. మతిమరుపు పెరగడం ఆగింది, పోయింది మాత్రం తిరిగి రాలేదు. చివరిసారి ఓపీకి వచ్చినప్పుడు ఒక అచ్చు బెల్లం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఏ ఊరిదని అడిగాను. చేత్తో తిప్పి చూసి, వాసన పీల్చి, చాలాసేపు ఆలోచించాడు.

"రొళ్లది అనుకుంటా మేడమ్. ముందైతే అనుకునే పనే లేకుండె."

ఆ రోజు నుంచి రిటైరయ్యే వరకు ప్రతి ఓపీ చీటీలో వయసు పక్కనే రోగి చేసే పని రాశాను. తిండి గురించి ఆ తర్వాతే అడిగాను. పని గురించిన ఆ ప్రశ్న శెట్టిని మొదటి రోజే అడిగి ఉండాల్సింది.