తండ్రిని తాగుబోతును చేసిన వ్యాసం

ఆ బడి పిల్లలందరూ ఆమెను ఎర్రపెన్ను మేడమ్ అనేవారు. ఉద్యోగం లైబ్రరీలోనే అయినా, పందొమ్మిదేళ్లుగా ఆఖరి తరగతి పిల్లల యూనివర్సిటీ దరఖాస్తులన్నీ ఆమె చేతుల మీదుగానే వెళ్లేవి. బీరువాల వెనక, కిటికీ పక్కనున్న బల్ల దగ్గర ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకొని, పుట్టినతేదీ మొదలు ‘నా గురించి’ వ్యాసం దాకా అక్షరం వదలకుండా చూసేది. “చిన్నప్పటి నుంచి సేవంటే నాకు ప్రాణం” అని ఎవడైనా రాస్తే, “ఎవరికి చేశావురా? మీ అమ్మకి ఒక్కరోజన్నా గిన్నెలు కడిగావా?” అని ఆ లైను కొట్టేసేది.

ఆమెది పుట్టుకతో వచ్చిన కోపం అనేవారు. కాదు. పదిహేడో ఏట ఆమె దరఖాస్తును పోస్టు చేస్తానని తీసుకెళ్లిన బాబాయి, దాన్ని సంచిలోనే మర్చిపోయాడు. గడువు దాటాక, “ఆడపిల్లవి, కొంపలేం మునిగిపోయాయి? వచ్చే ఏడు చూద్దాంలే” అన్నాడు. వచ్చే ఏడు ఎవరూ చూడలేదు.

ఈ ఏడు ప్రిన్సిపాల్ ఒక కన్సల్టెంటును తెచ్చాడు. వ్యాసాల పని అతనికి ఇచ్చి, ఆమెతో “మీరు సంతకాలూ జిరాక్సులూ చూసుకోండి చాలు” అన్నాడు. ఆమె ఎర్రపెన్ను సొరుగులో పడేసింది.

గడువు ఇంకా మూడు రోజులుందనగా, కూతురి దరఖాస్తు మీద సంతకం పెట్టడానికి ఒక బస్సు మెకానిక్ లైబ్రరీకి వచ్చాడు. కాగితాలకు గ్రీజు అంటుతుందేమోనని చేతులు రెండుసార్లు చొక్కాకు తుడుచుకున్నాడు. పెన్ను పట్టుకొని కూడా, కూతురు ఏం రాసిందో చూడాలని ముచ్చటపడి, లైను కింద వేలు పెట్టి చదవసాగాడు. రెండో పేజీలో వేలు ఆగిపోయింది.

“మేడమ్, ఇది మా అమ్మాయిదేనా?”

“మీ అమ్మాయిదే. ఏం, ఏమైంది?”

“మా నాన్న రోజూ తాగొచ్చి అమ్మను కొడతాడు, నేను వీధి దీపం కింద చదువుకున్నాను అని ఉంది.” అతను కాగితం ఆమె వైపు తిప్పాడు. “నేను కల్లో కూడా ముట్టలేదు మేడమ్. మా ఇంట్లో మూడు లైట్లున్నాయి.”

ఆమె కాగితం లాక్కొని చదివింది. అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్లను క్లాసు నుంచి పిలిపించింది.

ఆ పిల్ల తండ్రిని చూడగానే బావురుమంది. “నేనిలా రాయలేదు మేడమ్. నాన్న ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పేస్తాడని రాశాను. అది చాలదు, కష్టాలుంటేనే సీటిస్తారన్నారు కన్సల్టెంటు సారు. నాన్న చూస్తే బాధపడతాడంటే, ‘మెకానిక్కు చదువుతాడా ఏంటి?’ అన్నారు.”

మెకానిక్ తల దించుకున్నాడు. ఎర్రపెన్ను మేడమ్ ఆ కాగితంతో కన్సల్టెంటు గదిలోకి దూసుకుపోయింది. మెకానిక్ వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఎవడయ్యా తాగుబోతు?”

“మేడమ్, కొంచెం నెమ్మది. ఇలా రాస్తేనే పనవుతుంది. సీటొచ్చాక వాళ్లే దండం పెడతారు.”

“అయితే మీ నాన్నను తాగుబోతని రాసి, బయట గోడకి అంటించు. నేనూ దండం పెడతాను!”

అతను నోరు తెరిచేలోగా బల్లమీది ఫైలు తీసి తిరగేసింది. పదకొండు వ్యాసాలు. ఎనిమిదింట్లో తాగుబోతు తండ్రులు. రెండింట్లో నిక్షేపంలా ఉన్న తల్లులు చచ్చిపోయారు. ఒక పిల్లవాడికి లేని చెల్లెలు పుట్టుకొచ్చింది; దానికో గుండెజబ్బు.

కేకలు విని ప్రిన్సిపాల్ వచ్చాడు. “ఎందుకమ్మా ఈ రాద్ధాంతం? మనకి ఫలితాలు ముఖ్యం కదా.”

“ఈ దొంగరాతల మీద బడి ముద్ర వేస్తారా సార్? వెయ్యండి. నేను ఇల్లిల్లూ తిరుగుతాను. ‘మీ ఆవిడ పోయిందట, చదువుకోండి’ అని ఒక్కొక్కరి చేతిలో ఒక్కోటి పెట్టి వస్తాను.”

ప్రిన్సిపాల్ కన్సల్టెంటు వైపు తిరిగి, “ఇచ్చెయ్యండి” అన్నాడు. వ్యాసాలు వెనక్కి వచ్చాయి.

ఆ మూడు రోజులూ లైబ్రరీలో పదకొండుమందీ మళ్లీ రాశారు. ఆమె అరిచింది, కొట్టేసింది, మళ్లీ రాయించింది. మెకానిక్ సెలవు పెట్టి వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు. “అది ఇంజన్ చప్పుడు కాదే తల్లీ, గేరుబాక్సుది” అని ఒకచోట దిద్దాడు కూడా.

ఆ పిల్లకు మొదట కోరుకున్న చోట సీటు రాలేదు, రెండోచోట వచ్చింది. ఇద్దరికి ఎక్కడా రాలేదు. వాళ్లలో ఒకడి తల్లి బడికొచ్చి, “మీ నిజాయితీ మా వాడి నోట్లో మట్టికొట్టింది” అని నలుగురిలో కడిగేసింది. ఆ సాయంత్రం ఎర్రపెన్ను మేడమ్ ఆ కుర్రాణ్ణి ఇంటికి రమ్మని కబురుపెట్టి, ఇంకా గడువున్న మూడు యూనివర్సిటీల ఫారాలు ముందేసింది.

తర్వాత నెలలో, దరఖాస్తుల విషయంలో కల్పించుకోవద్దని ఆమెకు రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చారు. కన్సల్టెంటు మాత్రం ఇంకా పెద్ద బడికి వెళ్లాడు. పిల్లలిప్పుడు ఆమె ఇంటి ముందుగదిలో చేరుతున్నారు. ఉత్తర్వు మాటెత్తితే ఆమె నవ్వేస్తుంది. ఆ కన్సల్టెంటు మాటెత్తితే మాత్రం గొంతు లేస్తుంది.

“ఆ తండ్రి అతని గుమ్మంలోనే గంటసేపు నిలబడ్డాడు. తప్పయిందని ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అన్నాడా?”