దేవిదాస్ చన్నీళ్ల రొట్టె

దేవిదాస్ నోటి నుంచి సరైన మాట ఒక్కటైనా వచ్చినట్టు నాకు గుర్తులేదు. అమావాస్యను పున్నమి అనేవాడు. గోదావరి నాసిక్ వైపు పారుతుందనేవాడు. మంగళవారం పూట "రేపు ఐతారమే గద, సెలవు" అని తాళంకప్ప వెతుక్కునేవాడు. ఇంత పెద్ద నాందేడ్‌లో ఇంత నిఖార్సైన పొరపాటు మనిషి మాకే దొరికాడని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను.

2001లో ఒక బట్టల వ్యాపారి తన దుకాణం వెనక మూడు గదులు ఇస్తే మా పగటి కేంద్రం మొదలైంది. ఇంట్లోవాళ్లు పనులకు పోయే వేళకు ముసలివాళ్లు, కాళ్లూ చేతులూ సహకరించనివాళ్లు ఆటోల్లో వచ్చేవారు. సాయంత్రం అయిదింటికి ఇళ్లకు వెళ్లేవారు. నేను వాళ్లచేత వ్యాయామం చేయించేదాన్ని. దేవిదాస్ వంట చేసేవాడు, చేయి పట్టి నడిపించేవాడు, మిగతా సమయమంతా తప్పులు మాట్లాడేవాడు.

శంకర్రావు ముప్పై ఏళ్లు ఎస్టీ బస్సు, అంటే సర్కారు బస్సు, నడిపిన డ్రైవరు. చూపు పోయాక మూలన కూర్చుని పలకడమే మానేశాడు. ఒకరోజు దేవిదాస్ ఆయన పక్కన చతికిలపడ్డాడు.

"కాకా, బిలోలి బస్సు ధర్మాబాద్ మీంచే పోతది గదా?"

శంకర్రావు తలెత్తాడు. "ఎవడు చెప్పిండురా నీకు?"

"నేనే పోయిన గద. బస్సెక్కి పండుకున్న, లేశేసరికి బిలోలి."

"పండుకున్నోనివి నాకు తొవ్వ చెప్తవా? నర్సి మీంచి పోతదిరా, దేవ్యా!"

ఆ మధ్యాహ్నం ఆయన గాలిలో స్టీరింగు పట్టుకుని ప్రతి స్టాపూ, ప్రతి మలుపూ చెప్పాడు. ఆ మూసిన కళ్ల ముందు దారి అంతా ఎండలో మెరుస్తూ విచ్చుకుంటున్నట్టు ఉండింది. బిలోలి చేరీ చేరగానే దేవిదాస్, "అయితె దెగ్లూర్ బస్సు పర్భణి మీంచా?" అన్నాడు. ఇంకో గంట పట్టింది.

కాళ్లు పడిపోయిన దర్జీ అంబదాస్ కళ్లెదుట దేవిదాస్ గుండీలు తిరగేసి కుట్టిన చొక్కాతో తిరిగేవాడు. అంబదాస్ మూడు రోజులు ఓర్చుకుని, నాలుగో రోజు ఆ చొక్కా ఒంటి మీదనుంచి లాగేసుకుని సూది అడిగాడు.

ఆ ఎండాకాలమే ఉమాబాయి వచ్చింది. పక్షవాతం ఆమె కుడి చేతినీ మాటనూ ఒకేసారి తీసుకుపోయి ఆరు నెలలైంది. డాక్టరు మాట తిరిగి రావచ్చన్నాడు. ఆమె మాత్రం ప్రయత్నమే చేయడం లేదు. కోడలు సాక్షి బడిలో టీచరు.

"మేడం, గీ నెల సూస్తం. మాట రాకుంటె కర్ఖేలికి తోలిస్తం. ఆడ మా బావగారు ఉన్నరు."

"ఆడ పగలు ఇంట్ల ఎవరుంటరమ్మా?"

సాక్షి కళ్లు దించుకుంది. "అందరు చేనుకే పోతరు మేడం."

మర్నాడు దేవిదాస్ పొయ్యి తెచ్చి సరిగ్గా ఉమాబాయి మంచం ముందు పెట్టాడు. జొన్నపిండిలో కుండలోంచి చన్నీళ్లు ఒంపాడు. అప్పడాల కర్ర తీసి రుద్దడం మొదలుపెట్టాడు. వేడినీళ్లతో పిండి కలిపి అరచేత్తో రొట్టె తట్టే ఊళ్లో ఇది పట్టపగలు చేసే అఘాయిత్యం. ఉమాబాయి కనుబొమ్మ కదిలింది. రొట్టె పెనం మీదికి చేరకముందే ఏడు ముక్కలైంది.

"ఎట్లున్నది అత్తా? నాందేడ్ల గిసోంటి రొట్టె ఎవ్వలు చెయ్యరు!"

"నిజమే, ఎవ్వలు చెయ్యరు," అన్నాడు శంకర్రావు ఒక ముక్క తడిమి చూసి. "గిది రొట్టెనా, ఇంటి మీది పెంకనా?"

రోజూ అదే పొయ్యి, అవే చన్నీళ్లు, అవే పెంకులు. ఇరవై మూడో రోజు కుండ మళ్లీ వంగేసరికి ఉమాబాయి ఎడమచేత్తో మంచంపట్టెను దబదబా కొట్టింది.

"ఉ... ఉడు... ఉడుకు నీళ్లు!"

అందరూ ఆమె వైపు తిరిగారు. దేవిదాస్ ఒక్కడే తొణకలేదు. "ఉడుకు నీళ్లా? చేతులు కాలయా అత్తా? ఎవడన్న పోస్తడా?"

"గా... డి... ద!"

సాయంత్రం సాక్షి పరుగున వచ్చింది. "అన్నా, అత్తమ్మ ఏమన్నది?"

"గాడిదన్నది చెల్లే! మూడక్షరాలు!" అన్నాడు దేవిదాస్, కలెక్టరు శాలువా కప్పినంత గర్వంగా. ఆ తర్వాత సాక్షి కర్ఖేలి మాట ఎత్తలేదు. వానలు పడేనాటికి ఉమాబాయి ఎడమచేత్తో రొట్టె తడుతూ, తిడుతూ ఉంది.

ఒక పొద్దున నేను తొందరగా వచ్చాను. వంటగదిలో ఆవిరి. దేవిదాస్ ఒంటరిగా, తన కోసం, ఉడుకు నీళ్లు పోసి పిండి కలుపుతున్నాడు. రొట్టె అతని అరచేతుల మధ్య గిరగిర తిరిగి, పెనం మీద పడి, ఊపిరి తీసుకున్నట్టు పొంగింది. నన్ను చూసి దొంగలా నిలబడ్డాడు.

"పద్దెనిమిదేండ్లు స్టేషన్‌కాడ ఖానావళి హోటల్ల రొట్టెలే కొట్టిన మేడం. అత్తకు చెప్పకుండ్రి, మీకు దండం పెడ్త."

చెప్పలేదు. కానీ ఆ మధ్యాహ్నం అతను మళ్లీ చన్నీళ్ల కుండ ఎత్తుతుంటే ఉమాబాయి నా కొంగు పట్టి దగ్గరకు లాగింది.

"ఆనికి... రొట్టె మంచిగనే అస్తది."

నేను తెల్లబోయాను. "నీకెట్ల తెల్సు అమ్మా?"

"తెల్వనోడు... గింత సాఫ్‌గ చెడగొట్టలేడు," అంది, వంకరపోయిన పెదవిని ఇంకాస్త వంకర చేసి నవ్వుతూ. "ఆనికి చెప్పకు. ఆపేస్తడు."