అమ్మ గంజి తాగిందట

పిట్టల గురించి ఎవరైనా ముచ్చటగా చెప్పడం మొదలుపెడితే నేను అక్కణ్ణించి లేచిపోతాను. ఇంట్లో పిల్లలు నవ్వుకుంటారు, మామ్మకి పిట్టలంటే పడదని. పిట్టలు నన్నేం చేశాయి పాపం! వాటి పేరు చెప్పి నన్ను నిలబెట్టిన మనుషుల మీదే నా కోపం. ఇన్నేళ్లయినా చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

అప్పట్లో మేం నర్సీపట్నంలో ఉండేవాళ్లం. మా ఆయన బళ్లో పంతులు. పక్కింటాయన అడవి ఆఫీసులో గుమాస్తా, నెలలో సగం రోజులు కొయ్యూరు వైపు కొండల్లోనే ఉండేవాడు. రెండు పెరళ్ల మధ్య ఛాతీ ఎత్తు మట్టిగోడ. అటు ఆవిడ, ఇటు నేను. ఇద్దరిదీ ఒకటే ఈడు. చుట్టరికం ఏమీ లేకపోయినా వదినా అంటే వదినా అనుకునేవాళ్లం. మధ్యాహ్నం మగవాళ్లు బయటికి వెళ్లి, మా అత్తగారు నడుం వాల్చాక, చేటల్లో బియ్యం పోసుకుని గోడ దగ్గర చేరేవాళ్లం. రాళ్లేరడం ఒక వంక, అంతే.

ఏం మాట్లాడుకునేవాళ్లమంటే ఏముంది! వాళ్లాయనకి మన్యం జ్వరం మళ్లీ తిరగబెట్టిందనీ, క్వినైను మింగి చెవులు హోరుమంటున్నాయనీ, ఎంత పిలిచినా పలకడం లేదనీ చెప్పేది. "నిజంగానే ఇనబడదో, ఇనబడనట్టు ఊరుకుంటాడో ఆ దేవుడికే తెలియాల" అని నవ్వేది. కొత్తగా మోటారెక్కి రైలు స్టేషనుకి వెళ్లి, దారి పొడుగునా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న సంగతి ఎన్నాళ్లు చెప్పిందో. ఆవిడ పెరట్లో ఒక నిమ్మచెట్టు ఉండేది. దాని మీద వాలే గోరింకలు, పికిలిపిట్టలు ఆవిడకి పిల్లలతో సమానం. ఏ పిట్ట ఎక్కణ్ణించి పుల్ల తెచ్చిందో, ఏది దేన్ని తరిమిందో పూసగుచ్చినట్టు చెప్పేది.

నేను చెప్పేది ఎక్కువగా మా అమ్మ గురించి. మా పుట్టినూరు బండి మీద పూట ప్రయాణం. అమ్మ అక్కడ మా అన్నయ్య దగ్గర ఉండేది. చూరుకి వరి కుచ్చులు కట్టి పిచ్చుకలకి వదిలేసేది. ఒక ఏడాది దీపం గూట్లో పిచ్చుక గుడ్లు పెడితే, పిల్లలై ఎగిరిపోయేదాకా దీపం నేల మీద పెట్టుకుంది. ఒంట్లో నలతగా ఉంటే గంజిలో ఇంత వాము నలిపి వేసుకుని, నిమ్మకాయ బద్ద నంజుకుని తాగేది. నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ. కోపం వచ్చినా, ముద్దు వచ్చినా "పిచ్చిమొగమా" అనే పిలిచేది. ఇవన్నీ నేను గోడ మీద నుంచి చెప్పాను. ఆవిడ చెంపకి చెయ్యి చేర్చుకుని వింది. అంత శ్రద్ధగా వినే మనిషి దొరకడం నా అదృష్టం అనుకున్నాను. నా అదృష్టం అలా తగలడింది.

ఆ ఏడు ఫాల్గుణంలో మా ఆడపడుచుకి లగ్నం పెట్టారు. అది దాటితే మూఢం, మళ్లీ ఎన్నో నెలలకిగానీ ముహూర్తం లేదు. మా మామగారు అంతకుముందే పోయారు. భర్త పోయిన ఆడది కన్యాదానం చెయ్యకూడదు కాబట్టి పీటల మీద కూర్చోవలసింది మా ఆయనా నేనూ. అంటే నేను లేకపోతే ఆ పెళ్లి జరగదు. ఒక కోడలికి ఇంట్లో అంత ప్రాముఖ్యం రావడం అదే మొదలు. నేనూ కాస్త పొంగిపోయాననే చెప్పాలి.

పెళ్లి పనులు మొదలయ్యాక, అమ్మకి జ్వరం అని కబురు వచ్చింది. మోసుకొచ్చింది పక్కింటి వదినే. వాళ్ల తమ్ముడిది మా ఊరి పక్క ఊరు. బెల్లం రోజులు కావడం వల్ల బండేసుకుని తరచూ నర్సీపట్నం వస్తూండేవాడు. నేను అత్తగారి దగ్గరికి వెళ్లి, ఒక్కసారి చూసి వచ్చేస్తానన్నాను.

"జొరవే కదా, తగ్గిపోతాది. పీటల మీద కూకోవలసినదానివి, ఇప్పుడు గడప దాటకు" అంది ఆవిడ. "అయినా బళ్లెక్కడున్నాయి? కొండల్లో గొడవలని సర్కారోళ్లు అన్నీ పట్టుకుపోతన్నారు కదా."

మా ఆయన వైపు చూశాను. ఆయన పంచాంగం తిరగేస్తూ, "పెళ్లవగానే నేనే తీసుకెళ్తాను" అన్నాడు. పిల్లలకి అబద్ధం ఆడకూడదని బెత్తం పుచ్చుకుని నేర్పే మనిషి. ఆ మాట మాత్రం అబద్ధం కాదులెండి, తీసుకెళ్లాడు.

ఇంకో రెండు మూడు రోజులకి, పొద్దుటి పూట, పక్కింటి వదిన గోడ దగ్గరికి వచ్చి కేకేసింది. "వదినా, బేగి రా! పికిలిపిట్ట గుడ్లెట్టింది, సూద్దువుగాని!" అదేమిటి, పొద్దున్నే ఇంత పని పెట్టుకుని పిట్టగుడ్లేమిటి అనుకున్నాను. అయినా వెళ్లాను. నిమ్మకొమ్మల మధ్య చిన్న గూడు, అందులో చుక్కలు చుక్కలుగా గుడ్లు. చూశాను, బాగున్నాయన్నాను, తిరగబోయాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి ఆపేసింది. "ఉండవే, తల్లిపిట్ట వస్తాది. కదలకుండా నిల్చో" అంది. తల్లిపిట్ట కొమ్మ కొమ్మకి గెంతి అరుస్తూనే ఉంది, మేమున్నామని గూటికి రాలేదు. ఆవిడ చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఇంటికొచ్చేసరికి అరుగు మీద ఖాళీ చెంబు ఉంది. ఎవరొచ్చారని అడిగాను. "ఎవడో దారి పోయేవోడు, మంచినీళ్లడిగేడు" అంది అత్తగారు. చెంబు తీసుకెళ్లి తోమి బోర్లించాను.

ఆ తర్వాత మధ్యాహ్నాలు ఎంత బాగా గడిచాయో! ఇప్పటికీ ఒళ్లు మండిపోయేది అక్కడే. గోడ దగ్గరికి వెళ్లగానే ఆవిడే అందుకునేది. "మీ అమ్మ లేసి కూకుందట వదినా, మా తమ్ముడు సెప్పేడు." మర్నాడు, "గంజి తాగిందట. వాము నలిపి ఎయ్యమందట. నిమ్మకాయ బద్ద కూడా అడిగి మరీ ఏయించుకుందట." ఆ మాట వినగానే నా గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. వాము అడిగిందంటే అమ్మకి నోరు బాగుపడిందన్నమాట! ఇంకో రోజు, "మంచం చూరు కిందకి ఏయించుకుని పిచ్చుకల్ని చూస్తందట. 'మా పిచ్చిమొగం ఎలాగుంది, పెళ్లి పనుల్తో తిండి తింటందా' అని అడిగిందట" అంది. నేను అక్కడే గోడకి చేరబడి ఏడ్చేశాను, సంతోషంతో. ఆవిడ నా కళ్లు తుడిచింది. తన కొంగుతోనే తుడిచింది.

పెళ్లి బాగా జరిగింది. పీటల మీద కూర్చుని, పెళ్లికొడుకు కాళ్లకి నీళ్లు పోసి, మా ఆయన చెయ్యి కింద చెయ్యి పెట్టి ధారపోశాను. వచ్చినవాళ్లందరూ నా మొహం కళకళలాడుతోందన్నారు. ఎందుకు కళకళలాడదు? ఇంకో నాలుగు రోజుల్లో అమ్మ దగ్గరికి వెళ్తానని నేను లోపల రోజులు లెక్కపెట్టుకుంటున్నాను.

పెళ్లికూతుర్ని అత్తవారింటికి పంపేసిన రోజు, అత్తగారు నాకు తానే వడ్డించింది. కాపరానికి వచ్చాక ఎన్నడూ లేదు. కూర మళ్లీ వేసింది, పెరుగు గట్టిగా వేసింది. వద్దంటే, "తినవే, మళ్లీ ఎప్పుడు తింటావో" అంది. పక్కింటి వదిన వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. నేను చెయ్యి కడుక్కున్నాక అత్తగారు, "నూతి దగ్గరికి రా" అంది. అక్కడ అప్పటికే తోడిపెట్టిన బిందెలు వరసగా ఉన్నాయి. తోడింది పక్కింటి వదిన, ఆవిడ చీర కుచ్చెళ్లు ఇంకా తడిగా ఉన్నాయి.

"మీ అమ్మ పోయింది" అంది అత్తగారు. అని, నెత్తి మీద బిందెడు నీళ్లు కుమ్మరించింది.

పెళ్లైన కూతురికి తల్లి చావు మైల మూడు రోజులు. ఆ మైల చావుతో రాదు, వింటే వస్తుంది. కబురు చెవిన పడనంతవరకు కూతురు మడిగానే ఉంటుంది, పీటల మీద కూర్చోవచ్చు, కన్యాదానం చెయ్యవచ్చు. అందుకని నా చెవిన పడనివ్వలేదు. శాస్త్రంలో తప్పేమీ లేదని మా ఆయన అన్నాడు. ఉండదు. శాస్త్రానికి తల్లి ఉంటే కదా!

మా ఆయన వెంట బండెక్కాను. సర్కారువాళ్లు పట్టుకుపోయారన్న బళ్లలో ఒకటి మా వీధిలోనే దొరికింది. ఆ పూట ప్రయాణంలో నేను ఏడవలేదు. గోడ మీద విన్న కబుర్లన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకున్నాను. ఒక్కటీ ఆవిడ కొత్తగా కల్పించింది కాదు. వాము నేను చెప్పిందే, నిమ్మకాయ బద్ద నేను చెప్పిందే. పిచ్చుకలు, పిచ్చిమొగం, అన్నీ నేను మనసిచ్చి చెప్పినవే. అవే తిరగేసి నాకు వడ్డించింది. చచ్చిపోయిన మా అమ్మకి నా మాటలతోనే గంజి పోసింది. అంతకన్నా ఘోరం ఇంకేముంటుందనుకున్నాను.

ఉంది. మా ఊళ్లో దిగాక పాలేరు ఎదురొచ్చాడు. ముసలివాడు, నన్ను ఎత్తుకుని పెంచినవాడు. నన్ను చూసి భోరుమన్నాడు.

"అంత బేగి రమ్మని నాను సెప్పొచ్చినా రాకపోయేరేటి తల్లీ!" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఎప్పుడొచ్చావని అడిగాను.

"అమ్మగోరు ఉండగానేనండి. ఆ రేత్రి జొరం బాగా ఎక్కువైపోతే తెల్లారకుండా బయల్దేరేను. పంతులుగోరి ఇల్లేదని పక్కింట్లో అడిగేను. ఆ అమ్మగోరు సంగతంతా ఇని, ఉండమని సెప్పి, మీ అత్తగోర్ని బయటికి పిలిసేరు. ఆవిడొచ్చి మంచినీళ్లిచ్చేరు. 'ఎనకాలే బండి కట్టించి పంపుతాం, నువ్వు ముందెల్లి సెప్పు' అన్నారు. నానొచ్చి అమ్మగోరికి అలాగే సెప్పేనండి."

మిగిలింది మా వదిన చెప్పింది, అన్నయ్య భార్య. అమ్మ ఆ రోజంతా కళ్లు తెరిచే ఉందట. వీధిలో ఏ బండి చప్పుడైనా "వచ్చిందా?" అని అడిగేదట. వీళ్లు "బలిఘట్టం దాటిందట అత్తా" అన్నారట. కాసేపాగి, "చింతతోపు దగ్గరికి వచ్చేసిందట" అన్నారట. పొద్దు వాలాక అమ్మ, "దాని కోసం తలుపు వెయ్యకండి" అందట. అదే ఆఖరి మాట. పోయాక అన్నయ్య పంపిన రెండో మనిషిని మా అత్తగారు బజారులోనే ఆపేసి వెనక్కి పంపిందని కూడా అప్పుడే తెలిసింది.

అంటే నిమ్మచెట్టు కింద ఆవిడ నా భుజం పట్టుకుని నిలబెట్టినప్పుడు మా అమ్మ బతికే ఉంది. బండి కట్టుకుంటే మధ్యాహ్నానికి అక్కడ ఉండేదాన్ని.

మూడు రోజులూ గడిచాక నర్సీపట్నం తిరిగి వచ్చాను. ఎక్కడికి పోతాను? మర్నాడు మధ్యాహ్నం చేట పుచ్చుకోకుండానే గోడ దగ్గరికి వెళ్లాను. ఆవిడ అప్పటికే అక్కడ ఉంది. నన్ను చూడగానే గోడ మీద నుంచి చేతులు చాచి నా రెండు చేతులూ పట్టుకుంది. ఎలా చిక్కిపోయానో చెప్పింది. అన్నం తింటున్నావా అంది. మీ అత్తగారు కాళ్లావేళ్లా పడితే ఒప్పుకున్నాను తప్ప నాకు మాత్రం ప్రాణం లేదా అంది. రోజూ నా దిగులు చూడలేకే ఆ నాలుగు మంచి మాటలు చెప్పానంది. కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది, అవి దొంగ నీళ్లు కావు.

నేను చేతులు లాక్కున్నాను.

"పోయింది సెప్పకపోతే పోనీ. మనిసి బతికుండగా వచ్చిన కబురు ముందర నీ చెవినే పడింది కదా. అప్పుడు నాకెందుకు సెప్పలేదే?" అన్నాను.

ఆవిడ కళ్లు తుడుచుకుని నా మొహంలోకి వింతగా చూసింది. ఇంత చిన్న సంగతి దీనికెందుకు తెలియదు అన్నట్టు చూసింది.

"అప్పుడు సెపితే నువ్వెలిపోదువు కదా వదినా!" అంది.