పండగ వస్తే తలనొప్పి

ఆ రోజుల్లో ఎవరైనా ఇంటికి భోజనానికి పిలిస్తే చాలు, వారం రోజులు నా కాళ్ళు నేల మీద నిలిచేవి కావు. మాంట్రియల్‌లో చదువుకుంటూ, వరంగల్ నుంచి వచ్చిన రూమ్మేట్‌తో (నోరారా అక్కా అంటూనే నా బట్టలన్నీ వేసుకుని తిరిగేది) ఓ బేస్‌మెంట్‌లో ఉండేదాన్ని. పైన ఇంటి ఓనరు, డెబ్భై దాటిన యూదు ఆవిడ. మాకు మేడ మీద ఆంటీ. ఒకరోజు నన్ను మెట్ల దగ్గర ఆపి, "వచ్చే నెల మొదటి మంగళవారం మా కొత్త సంవత్సరం. తొలి భోజనం మీరిద్దరూ మాతోనే," అన్నారు. మూడు వారాల ముందు పిలుపు (మా ఇంట్లో పెళ్ళికి కూడా అంత ముందు పిలవరు). ఈ దేశం వాళ్ళలో నన్ను తన ఇంట్లోకి పిలిచిన మొదటి మనిషి ఆవిడే. ఏ పొరపాటో చేసి ఆ మర్యాద పోగొట్టుకోకూడదని, పార్ట్‌టైమ్ జాబ్‌లో మంగళవారం సెలవు పెట్టి, ఉన్న ఒక్క పట్టు చుడీదార్ ఇస్త్రీ చేసి ఉంచాను.

సోమవారం సాయంత్రం, తెల్లవారి తలంటుకని, చెవుల మీదికి కారేలా కొబ్బరినూనె పట్టించుకుని పాత నైటీలో కూర్చున్నాను. ఎవరో తలుపు తట్టారు. తీస్తే ముత్యాల దండ వేసుకున్న ఆంటీ. "అందరూ మీ కోసమే కూర్చున్నారు. సూప్ చల్లారిపోతోంది." వాళ్ళ పండగ ముందురోజు పొద్దుగూకగానే మొదలవుతుందని నాకేం తెలుసు? మనకి తెల్లారితే గానీ పండగ రాదాయె. ఐదు నిమిషాల్లో చుడీదార్‌లోకి దూరాను గానీ, నూనె ఎక్కడికి పోతుంది? సూట్లు వేసుకున్న వాళ్ళ చుట్టాల మధ్య, తేనెలో ముంచిన ఆపిల్ ముక్క నోట్లో పెట్టుకుంటుంటే, ఆంటీ నా తల వంక చూసి "ఏమైంది?" అన్నారు. నిజం చెప్పడానికి నామోషీ అనిపించింది. "తలనొప్పి ఆంటీ, మందు రాశాను," అన్నాను. "గింత మందా అక్కా," అని పక్కనుంచి రూమ్మేట్ గొణిగింది.

తర్వాతి ఉగాదికి నేనూ ఆవిడలాగే మూడు వారాల ముందు పిలిచాను. "ఈ నెలాఖరు బుధవారం మా కొత్త సంవత్సరం ఆంటీ, భోజనానికి రావాలి." మంగళవారం సాయంత్రం తలుపు తీస్తే, అదే ముత్యాల దండ, చేతిలో పూలగుత్తి. పొయ్యి మీద ఏమీ లేదు. నా తల మీద మాత్రం అరసీసా నూనె ఉంది. ఆవిడ నా నుదుటి మీద చెయ్యి వేసి, "పాపం, పండగ వస్తే చాలు, నీకు తలనొప్పి వచ్చేస్తుంది," అన్నారు. అప్పుడు చెప్పేశాను నిజం. ఆవిడ మెట్ల మీద కూలబడి మరీ నవ్వారు.

ఇప్పుడు టొరంటోలో, ఎటోబికో వైపు మాకు సొంత ఇల్లుంది. ఎవరిని పిలిచినా తేదీతో పాటు పూట కూడా రాసి మెసేజ్ పెడతాను. ఆంటీ పోయి రెండేళ్ళయింది. ఆవిడ లేని లోటు నాకు పండగ ముందురోజే తెలుస్తుంది. తలకి నూనె పెట్టుకోగానే తలుపు వైపు ఓసారి చూస్తాను. నైటీ మాత్రం కాస్త మంచిది వేసుకుంటున్నాను.