ఎల్డన్ చూసే గద్దలు

ఎల్డన్‌కు కనిపించినన్ని గద్దలను దేవుడు పుట్టించలేదు. కొమ్మ మీది మంచుముద్ద తెల్లతల గద్దే, గాలికి ఎగిరే సంచీ గద్దే. కిందటేడు చేపలు పట్టేవాళ్లు బోర్లించిన తెల్ల బకెట్‌ను చూసి, "ఆహా, ఎంత నిమ్మళంగా కూర్చుంది!" అని టోపీ కూడా తీశాడు.

ఏటా జనవరిలో చర్చివాళ్లు వ్యానులో మిసిసిపీ ఆనకట్టకు వెళతారు. నది గడ్డకట్టినా ఆనకట్ట దిగువన నీళ్లు పారుతుంటాయి కనుక చేపల కోసం గద్దలన్నీ అక్కడే చేరతాయి. కిందికి దిగితే బెదిరిపోతాయని కిటికీల్లోంచే చూడాలి. మొదటి గద్దను చూపినవాళ్లకు దాల్చినచెక్క రోల్ అనే పెద్ద తీపి బన్ను బహుమానం.

"అదిగో!" అరిచాడు ఎల్డన్.

"ఎక్కడ?"

"ఆ వంకర కొమ్మ మీద!"

"నాకేం కనబడటం లేదే."

"నాకూ లేదు."

"నాకూ కనబడలేదు," అంది ఎల్డన్ పక్కన కూర్చున్న పంతులమ్మ ఆర్డిస్, హాయిగా.

"మంచుముద్దయ్యా అది! రోల్ కోసం ఎన్ని వేషాలు!" అన్నాడు వ్యాను నడిపే మెర్విన్.

వెనక సీట్లో లవోన్ ఉంది. ఆవిడకు గద్దలకన్నా మనుషులను చూడటమే సరదా. ఇంతలో నిజం గద్దే కుడివైపు నుంచి దూసుకొచ్చింది. అందరూ అటు తిరిగారు. ఆర్డిస్ మాత్రం ఎడమ కిటికీ వైపు చూస్తూ, "ఎంత బాగుందో!" అంది. ఎల్డన్ ఆవిడ చెవి దగ్గర గొణిగాడు: "కుడివైపమ్మా. కాళ్లలో చేప. అరె, జారిపోయింది!" అప్పుడు నవ్వింది ఆర్డిస్.

కాఫీ పోసుకునేటప్పుడు లవోన్ ఎల్డన్‌ను పట్టుకుంది. "పంతులమ్మకు చూపు పోతోంది కదూ?"

"ష్! తెలిస్తే, 'చలిలో మీకెందుకమ్మా' అని వచ్చే ఏడు ఇంట్లో కూర్చోబెడతారు. ఈ ప్రయాణం కోసమే ఆవిడ ఏడాదంతా ఎదురుచూస్తుంది. నేను లేని గద్దను చూపించి అరిస్తే ఎవరికీ కనబడదు. అప్పుడు కనబడనిది ఆవిడ ఒక్కదానికే కాదుగా!"

"అయితే ఆ బకెట్ కూడా..."

ఎల్డన్ చెవులు ఎర్రబడ్డాయి. "బకెట్‌ను మాత్రం నిజంగానే గద్ద అనుకున్నాను."

లవోన్ కడుపులో ఏ కబురూ పెట్రోలు బంకు దాకా నిలిచిన పాపాన పోలేదు. తిరుగు దారిలో పెట్రోలు బంకు రానే వచ్చింది. ఆవిడ నోరు దురద పెట్టింది. పెదవులు బిగించింది. లాభం లేకపోయింది.

"అదిగో గద్ద!" అని అరిచింది, ఎవరిదో ఉత్తరాల డబ్బా చూపించి.

"ఎక్కడ? నాకు కనబడలేదే!"

"నాకూ లేదు," అంది ఆర్డిస్ అందరికన్నా గట్టిగా. "ఏం లవోన్, ఎల్డన్ జబ్బు నీకూ అంటుకుందా?"