వాల్వు రేడియోలో మొరిగిన కుక్క

స్విచ్చు వేసిన రెండు మూడు నిమిషాలకు లోపలి గాజు వాల్వులు ఎర్రగా రాజుకుంటాయి. వాటి మీది దుమ్ము వేడెక్కి లేచే వాసన, ఎండకు కరిగిన తారు, అప్పుడే ఇస్త్రీ చేసిన ఖాకీ బట్ట, అడుగంటిన అటుకులు కలిపినట్టుంటుంది. సెంటినరీ కాలనీలో నా క్వార్టరుకు వచ్చిన ఒక పెద్దమనిషి ఆ వాసనేమిటని అడిగితే, ఈ రేడియో బొగ్గుతో నడుస్తుందనీ, వెనకనుంచి రోజూ చిటికెడు వెయ్యాలనీ చెప్పాను. పాపం, వంగి వెనక్కి చూశాడు. నా పేరు రాజేశ్వరి. చిన్నప్పుడు గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైను మొత్తానికీ నేను ‘కోతల రాజి’ని.

ఆ బిరుదు ఊరికే రాలేదు. మా మేక బొగ్గు తిని నల్లపాలు ఇస్తుందనీ, అందుకే మా ఇంట్లో చాయ్‌పత్త కొనరనీ బళ్ళో చెప్పిన ఘనత నాది. ఎండాకాలం పొద్దంతా వాకిట్లో మామిడికాయ ఒరుగుల మీద వాలే బొగ్గుపొడి ఊదుకుంటూ, గోడనీడలో కచ్చకాయలాడుకుంటూ, మధ్యాహ్నం బ్లాస్టింగు మోతకు సజ్జ మీది గిన్నెలు గలగలమంటే కిలకిలా నవ్వుకుంటూ, మొదటి షిఫ్టు దిగి కండ్లకు కాటుక పెట్టుకున్నట్టు నడిచొచ్చే నల్లటి మనుషుల్లో ఎవరి బాపు ఎవరో నడకను బట్టి పోల్చుకుంటూ పెరిగిన మాకు, అబద్ధాలాడటం కూడా ఒక ఆటే.

అలాంటి ఒక ఎండాకాలమే రేడియో వచ్చింది. మా బాపు బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియను. కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు సారొకాయన బదిలీ మీద కొత్తగూడెం పోతూ, ఇద్దరు పట్టుకుంటేగాని లేవని ఆ ఇనుప పెట్టెను బాపుకు ఇచ్చిపోయాడు. పాటలు వినే రేడియో కాదది. లైసెన్సు తీసుకుని ఇంట్లోనే స్టేషను పెట్టుకుని, దేశాలు దాటి ఒకరినొకరు పలకరించుకునే హ్యామ్‌లనే మనుషులుంటారట. వాళ్ళ మాటలు వినే పెట్టె అది. తిరిగి మాట్లాడాలంటే వేరే యంత్రం కావాలి, అది మాకు లేదు. ప్రపంచంలోని హ్యామ్‌ల పిలుపుగుర్తులు, చిరునామాలు అచ్చేసిన ఇటుకంత పుస్తకం కూడా సారు ఇచ్చిపోయాడు.

బాపు మా పెరటి గోడ నుంచి పక్కింటి లచ్చక్క పెరట్లో ఇనుప గుంజ దాకా ఏరియలు తీగ కట్టాడు. పేరుకు ప్రపంచమంతా, వచ్చింది మాత్రం కాలిన పెనం మీద నీళ్ళు చల్లిన చప్పుడు, మధ్యమధ్యలో బాతు గొంతులు. రెండు నెలలు అంతే. మైకుసెట్టు నడిపే ఓదెలు కాక కన్ను దాని మీద పడ్డది.

“బాతుల పెట్టె నీకెందుకన్నా? ఇప్పి వాల్వులు నా మైకుసెట్టుల ఏస్కుంట. బతుకమ్మ పాట గోదావరి అవతలికి ఇనవడాలె.”

“బతుకమ్మ దాకా సూస్త. అప్పటికి ఒక్క మనిషి మాట రాకపోతె తీస్కపో” అన్నాడు బాపు.

ఆ పెట్టెలో ఎవరో ఉన్నారని మా ఇంట్లో నమ్మినదాన్ని నేనొక్కదాన్నే.

శ్రావణంలో ముసురు పట్టింది. గోడలు చెమ్మగిల్లి, బట్టలారక, లైనంతా ముక్కవాసన. ఒక సాయంత్రం వాన తెరిపిచ్చినప్పుడు బాతు గొంతొకటి దొరికితే, సారు పోయేముందు చూపించిన చిన్న మీటను వెంట్రుకవాసి తిప్పాను. బాతు మనిషయింది. ఎవరో ముసలాయన, ఇంగ్లీషులో, తాపీగా, తన పిలుపుగుర్తును ఒక్కో అక్షరం విడదీసి చెప్తున్నాడు. బలపంతో గచ్చు మీద రాసుకున్నాను. ఆస్ట్రేలియా అన్నాడు. ‘రెయిన్’ అన్నాడు, ‘షీప్’ అన్నాడు. వెనక కుక్క రెండుసార్లు మొరిగింది. “బాపూ!” అని నేను కేకపెట్టి, ఆయన ఉరికొచ్చేసరికి మళ్ళీ పెనం మీద నీళ్ళే.

పెరట్లోకి పోయి చూస్తే, లచ్చక్క మా తీగ మీద పెనిమిటి తడి డ్యూటీ బట్టలూ రెండు చద్దర్లూ ఆరేసింది. బరువుకు తీగ కుంగి, పైపూత లేచినచోట నల్లా పైపుకు ఆనుకుంది. ఆస్ట్రేలియా కాస్తా ఆ పైపు వెంట భూమిలోకి దిగిపోయింది. బాయిలో బ్లాస్టింగు చేశాక మిగిలిన తీగముక్కలే మా లైనులో అందరికీ దండేలు. కాబట్టి తప్పు ఆమెది కాదు.

“అక్కా, గది రేడియో తీగ!”

“తీగంటె బట్టలకు గాకపోతె దేనికే పోరీ? నావి ఆరినంక ఇను నీ రేడియో.”

ఆస్ట్రేలియా సంగతి ఎవరూ నమ్మలేదు. ఓదెలు కాక పొట్ట పట్టుకున్నాడు. “కుక్క గూడ ఇంగ్లీషులనే మొరిగిందా బిడ్డా?” మా అవ్వ, కన్నతల్లే అయ్యుండి, పొయ్యి దగ్గర్నుంచే అంది, “మన నల్లపాల మేక గూడ గక్కడిదే గావచ్చు.”

బాపు నవ్వలేదు. గచ్చు మీది అక్షరాలు చూసి పుస్తకం తీశాడు. ఆ పిలుపుగుర్తు అందులో ఉంది; ఆస్ట్రేలియా చిరునామానే. “పుస్తకం సూసి రాసినవా?” అన్నాడు. కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

విన్నవాళ్ళు తాము విన్నది రాసి పంపితే, అది నిజమైతే ఆ హ్యామ్ తన కార్డు పంపటం వాళ్ళలో ఆచారమట. కార్డొస్తే రేడియో ఉంటుంది. నేను నాలుగు పేజీలు రాశాను: ఉరుములు, గుర్రాల సకిలింపు, ముసలాయన భార్య తాలింపు చప్పుడు. బాపు ఎర్ర పెన్సిలు పట్టుకుని ఒక్కో వాక్యం మీద వేలు పెట్టాడు.

“ఇన్నవా?”

“లే.”

కొట్టేశాడు. నాలుగు పేజీలు నాలుగు వరుసలయ్యాయి. కుక్క దగ్గర వేలు ఆగింది.

“ఇన్నవా?”

“ఇన్న. రెండుసార్లు.”

పెన్సిలు పక్కన పెట్టాడు. కుక్కను ఉంచాడు. డిక్షనరీ ముందేసుకుని, రెండు సాయంత్రాలు కూచుని ఆ నాలుగు వరుసలూ ఇంగ్లీషులోకి మార్చి, విన్న టైముతో సహా పోస్టు చేశాడు.

తంగేడు పూసింది, గునుగు పూసింది. సద్దుల బతుకమ్మనాడే కార్డు వచ్చిందంటే కథ బాగుంటుంది గాని, వచ్చింది నాలుగు రోజుల ముందు. ఒకవైపు గొర్రె బొమ్మ, రెండోవైపు వంకర చేతిరాత. బాపు కూడబలుక్కుని చదివాడు. ‘మీరు విన్నది నన్నే. ఆ కుక్క పేరు మోలీ. రెండుసార్లే మొరిగింది, నేను కసిరాను.’ చదివి, బాపు నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

సద్దులనాడు, ఇల్లంతా రొట్టె, బెల్లం కలిపి దంచిన మలీద వాసన వేస్తుండగా, ఓదెలు కాక స్క్రూడ్రైవరు పట్టుకుని రానే వచ్చాడు. బాపు ఆయన చేతిలో కార్డు పెట్టాడు. కాక దాన్ని తిప్పి, వాసన చూసి, బాపుతో మళ్ళీ ఒకసారి చదివించుకుని, స్క్రూడ్రైవరు జేబులో వేసుకున్నాడు.

“వద్దులే అన్నా. ఇప్పితె గా కుక్క కరుస్తది.”

ఇప్పుడు ఆ లైను లేదు. మా వాకిలీ, లచ్చక్క గుంజా ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టిగుట్ట కింద ఉన్నాయి. ఆ వాల్వులు కొందామన్నా దొరకవు. కార్డు మీద చేతిరాతతో జవాబిచ్చేవాళ్ళు కరువయ్యారు. ఎల్‌ఈడీ బల్బుల గరగరలో దూరపు గొంతులు సగం మునిగిపోతాయి. బాపు ఉండగానే పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాను. మాట్లాడటానికి అరచేయంత కొత్త యంత్రం కొన్నాను. వినటానికి మాత్రం ఈ ఇనుప పెట్టే. కోతలు మానలేదు, మానే ఉద్దేశమూ లేదు. రేడియో పక్క నోటుబుక్కులో మాత్రం విన్నదే రాస్తాను.

మొన్న ఆదివారం పొద్దున గరగర అడుగున సన్నటి గొంతొకటి పలికింది. కొత్త లైసెన్సని ఆ వణుకే చెప్తోంది. పిలిచి పిలిచి, ఎవరూ పలకక, ఇక ఆపేద్దామా అన్నట్టుంది. మీటను కొంచెం తిప్పాను. మాట తేటబడింది, తెలుగే. టైము రాసుకుని, మైకు నొక్కి, నా పిలుపుగుర్తు చెప్పి అన్నాను:

“ఇనవడ్తున్నది. చెప్పు బిడ్డా.”